పనసనీడలో కలేమొక్క

భోగాపురం దగ్గర మా అత్త పుట్టిన ఊరి తోటలు విమానాశ్రయానికి పోయినప్పుడు, ఆవిడ అక్కణ్ణించి తెచ్చుకున్నది ఒక్కటే. జీడిచెట్ల కింద నీడలో పెరిగిన కలేమొక్క, వాక్కాయలాంటి నల్లపళ్ళు కాసే ముళ్ళమొక్క. జానెడుంది. వేళ్ళకి తడి గోనెగుడ్డ చుట్టి, బస్సులో చీపురుపల్లి మా ఇంటి దాకా ఒళ్ళోనే పెట్టుకుని తెచ్చింది.

"దీని పండు తినకుండా సావనే," అంది గుమ్మంలో అడుగు పెడుతూనే. నాకు ఒళ్ళు మండింది. ఇంట్లోకి వస్తూ అవేం మాటలు!

పెరట్లో పనసచెట్టు కింద పాతాం. ఆ మూలకి ఎండ రాదు. ఎప్పుడూ తడిగా, పచ్చగా, కాస్త నిద్రమత్తుగా ఉంటుంది. మధ్యాహ్నాలు అత్త అక్కడే పీటేసుకుని, కళ్ళు సగం మూసుకుని తన తోట చెప్పేది. సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలి, కాళ్ళకింద ఇసక, కలేపళ్ళు తిని నల్లబడ్డ పెదాలు. నేను వంకాయలు తరుగుతూ ఆవిడ వెంటే ఆ తోటంతా తిరిగేదాన్ని.

మొక్క మాత్రం పసుపెక్కింది. ఆకులు రాలిపోతున్నాయి. ఓ తెల్లారి చూద్దును కదా, అత్త పొయ్యిలో బూడిద గుప్పెడు తెచ్చి మొక్క మొదట్లో చల్లుతోంది! మా వైపు బీరపాదుకైనా ఆనపపాదుకైనా బూడిదే మందు మరి.

"ఏటత్తా ఇది! జీడాకులు కుళ్ళిన పుల్లమట్టిలో పుట్టింది. బూడిద ఆ పులుపు సంపేస్తాది!"

"నీకేటి తెలుసే? పిల్లకి అన్నం ఎట్టినట్టు ఎడతన్నాను," అంది. నా మనసు చివుక్కుమంది.

ఆ పూటే పైమట్టి తీసేసి, మా ఊరి చివర జీడితోటలో ఆకుల కింది నల్లమట్టి బుట్టెడు తెచ్చి పోశాను. పొద్దున్నే మేం తాగే తరవాణి, అదే కుండలో పులిసిన గంజినీళ్ళు, పలచగా చేసి పాదులో పోశాను. అత్త కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. తర్వాత ఓ పొద్దున తన గ్లాసులో తరవాణి సగమే తాగి, మిగతాది తనే మొక్కకి పోసింది.

రెండు మూడేళ్ళ వానలు వచ్చాయి, పోయాయి. ఈ ఏడు తెల్లపూలు పూసి, కాయలు నిలిచాయి. నల్లగా పండిన నాలుగు కోసి అత్త చేతిలో పెట్టాను. ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది.

"కాదే," అంది మెల్లగా. "పులుపున్నాది, తీపున్నాది. మా ఊరిది కాదు."

నాకు ఏడుపొచ్చింది. ఇంత చాకిరీ చేస్తే ఇదా!

అత్త నాలికతో పెదాలు తడుముకుంది. "ఒసే, రవ్వంత ఉప్పు తే," అంది.

ఇంకో పండు ఉప్పులో అద్దుకుని నోట్లో వేసుకుంది. పెదాలు నల్లబడ్డాయి.

"ఇదిగో, ఇప్పుడొచ్చింది మా ఊరు," అని ఏడ్చేసింది.