ఎలీగారి శనివారం, నా అతి భక్తి

జూన్ నెలలో, ఒమన్‌లో, గుండెకు ఆపరేషన్ అయిన డెబ్భై రెండేళ్ళ పండితుణ్ణి చుక్క నూనె లేకుండా ఆవిరి మీద ఉడికించిన ఘనుణ్ణి నేను. ఇన్నాళ్ళూ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నానంటే ఆయనా క్షేమంగా ఉన్నాడు, నా ఉద్యోగమూ క్షేమంగా ఉంది కాబట్టే.

అప్పుడు నేను అల్ ఖౌద్‌లో, సముద్రపు నీళ్ళలోంచి ఉప్పు తీసే పద్ధతుల మీద పనిచేసే ఒక లాబ్‌లో కొత్తగా చేరిన ఇంజనీరుని. మా బాస్ డాక్టర్ సాలిం ఒమానీ. పెద్దమనిషి, మాటలు తక్కువ, నవ్వులు అంతకన్నా తక్కువ. ఒక గురువారం నన్ను పిలిచి, లండన్ నుంచి ఎలీ అనే ప్రొఫెసర్ వస్తున్నాడని, ఆదివారం పొద్దున మా లాబ్‌లో ఉపన్యాసం ఇస్తాడని, మా ఎదురు ఫ్లాట్‌లోనే బస అని చెప్పాడు.

"యూదు మతస్థుడు. నియమాలు గట్టిగా పాటిస్తాడు. గుండె జబ్బు కూడా ఉంది. ఆదివారం దాకా ఆయన నీ బాధ్యత," అన్నాడు. నా కాంట్రాక్టు రెన్యువల్ కాగితం ఆయన బల్ల మీద సంతకం లేకుండా నా వంకే చూస్తోంది.

నియమాల గురించి నాకా చెప్పడం? నేను రాజమండ్రిలో మా అమ్మ మడికి భయపడుతూ పెరిగినవాణ్ణి. ఆరేసిన మడిబట్ట పక్కనుంచి ఊపిరి బిగబట్టుకుని నడిచినవాణ్ణి. పైగా ఆ నెల అమ్మ విజిట్ వీసా మీద వచ్చి మా ఇంట్లోనే ఉంది. సందేహం వస్తే అడగడానికి నిలువెత్తు ధర్మశాస్త్రం వంటింట్లోనే ఉందన్నమాట. కానీ నేను అడిగితే నా గొప్పేముంది? ఫోన్లో మూడు వ్యాసాలు చదివేసి, యూదు ధర్మం మొత్తం తెలిసిపోయిందనుకున్నాను. నిజానికి మూడోది సగమే చదివాను.

శుక్రవారం మధ్యాహ్నం ఎలీగారు దిగారు. తెల్ల గడ్డం, నెత్తిన చిన్న టోపీ, చేతిలో పెట్టె. ఆ పెట్టెలో చొక్కాలకన్నా సరుకులు ఎక్కువ. సొంత గిన్నె, సొంత కంచం, డబ్బాల్లో భోజనం, ఒక లావుపాటి పుస్తకం. మా ఇంట్లో వండినది తినలేనని, ఏమీ అనుకోవద్దని, ఆహారానికి తమ గ్రంథంలో విధులున్నాయని ఎంతో మొహమాటపడుతూ చెప్పారు. నేను తర్జుమా చేస్తే అమ్మ మొహం విప్పారింది. మా ఇంట్లో భోజనం వద్దన్నందుకు అమ్మ మెచ్చుకున్న మొదటి అతిథి ఆయనే. "నిష్ఠాపరుడురా," అంది.

ఆ పుస్తకం గురించి అడిగాను. ఐదు కాండాల ధర్మగ్రంథమట. దాన్ని వారానికింత అని ఏడాది పొడుగునా చదువుతారట. ప్రపంచంలో ఏ మూల ఉన్నా దాదాపు అందరూ ఆ వారం ఆ భాగమే. చివరి మాట చదివిన రోజే మళ్ళీ మొదటి మాట మొదలుపెడతారట. "రేపు మా వీధిలో వాళ్ళు చదివేదే నేనిక్కడ చదువుతాను. అందుకే ఒంటరిగా ఉన్నట్టు ఉండదు," అన్నారు. ఆ మాటకి నా మనసు నిండిపోయింది. ఇల్లు వదిలి పరాయి దేశంలో బతికేవాడికి ఆ మాట విలువ తెలుస్తుంది. ఈయన శనివారానికి నా వల్ల చిన్న లోటు కూడా రాకూడదని అప్పుడే గట్టిగా అనుకున్నాను. వచ్చిన చిక్కంతా అక్కడే.

శుక్రవారం పొద్దు గుంకిన దగ్గర్నుంచి శనివారం చుక్కలు పొడిచేదాకా ఆయనకు విశ్రాంతి దినం. నిప్పు ముట్టించరు, స్విచ్చి నొక్కరు, తాళంచెవి జేబులో వేసుకుని వీధిలోకి కూడా వెళ్ళరు. అందుకే తలుపు తాళం వెయ్యనని చెప్పారు. "కావలసినవన్నీ ముందే అమర్చుకున్నాను," అని కూడా చెప్పారు. నేను ఎంతో తెలిసినవాడిలా తల ఊపాను.

శనివారం పొద్దున్నే ఆయన ఎండ ముదరకముందే నడకకి వెళ్ళారు. నేను మామిడిపళ్ళు పట్టుకుని ఆ ఫ్లాట్‌లోకి వెళ్ళాను. వెళ్ళి చూద్దును కదా, ఏసీ గుయ్యిమని తిరుగుతోంది. పాపం, పెద్దాయన కట్టెయ్యడం మర్చిపోయారు. ఇప్పుడు కట్టనూలేరు. వ్రతభంగం, అదీ నా బాధ్యతలో ఉండగా! గబుక్కున ఏసీ కట్టేశాను. భోజనం వెచ్చగా ఉంచే కరెంటు పళ్ళెం కూడా కట్టేశాను. పళ్ళు పెడదామని ఫ్రిజ్ తెరిస్తే లోపల లైటు వెలగలేదు. బల్బు విప్పి ఫ్రిజ్ నెత్తిన సాసర్లో పెట్టి ఉంది. ఇంటి ఓనర్ నిర్లక్ష్యానికి నాలుగు తిట్లు తిట్టుకుని, శ్రద్ధగా బిగించాను. పుణ్యకార్యం చేసిన తృప్తితో అమ్మని తీసుకుని వాడి కబీర్ అనే పేటలో ఉన్న మా బంధువులింటికి వెళ్ళాను.

మధ్యాహ్నం తిరిగొచ్చి ఇద్దరం ఎదురు ఫ్లాట్ తలుపు తట్టాం. ఎలీగారు చొక్కా ఒంటికి అతుక్కుపోయి, మొహం కందిపోయి, గడ్డంలోంచి చెమట కారుతుండగా పుస్తకం ముందు కూర్చుని ఉన్నారు. గదిలో వేడికి మామిడిపళ్ళు ఫ్రిజ్‌లో ఉండబట్టి బతికాయి.

"ఈ గదిలో చాలా వేడిగా ఉంది," అన్నారు మెల్లగా.

"అవునండీ, ఇక్కడ జూన్ అంటే ఇంతే," అన్నాను.

"నిన్న రాత్రి మాత్రం హాయిగా ఉంది."

"రోజులన్నీ ఒక్కలా ఉండవు కదండీ," అని వేదాంతం చెప్పాను.

ఆయన ఏసీ వంక చూశారు. "ఆ మిషన్ చాలా నిశ్శబ్దంగా ఉంది."

"కొత్తదండీ," అన్నాను గర్వంగా.

"ఫ్రిజ్‌లో చల్లటి నీళ్ళున్నాయి. తలుపు తీస్తే లైటు వెలుగుతుంది."

"నేనే బాగుచేశానండీ."

ఎలీగారు కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన అనుకున్నాను. చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడు అంటారు చూడండి, నేను అంతకన్నా ఘనుణ్ణి. గిల్లినా తెలియనివాణ్ణి.

అమ్మ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఏరా, ఏమంటున్నాడాయన?" అంది. మాట మాటా చెప్పి, ఇవాళ ఆయనకి కరెంటు పనికిరాదని, అందుకే అన్నీ నేనే కట్టేశానని ముక్తాయించాను.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. నేను మడిలో ఉండి 'పాలు పొంగుతున్నాయి' అంటే నీకేం అర్థమయ్యేది? వార్త చెబుతున్నాననుకునేవాడివా?"

నేను నోరు తెరిచే లోపల అమ్మ లేచింది. ఆయన వైపు చూడకుండా, గోడకి చెబుతున్నట్టుగా, "అబ్బబ్బ, నాకు ఉక్క పోసేస్తోంది. నా కోసం నేను వేసుకుంటున్నా," అని ఏసీ వేసింది. "నాకు దాహంగా ఉంది," అని ఫ్రిజ్ తెరిచి, రెండు నీళ్ళ సీసాలు తీసి, ఒకటి తాను తాగి, రెండోది బల్ల మీద మర్చిపోయింది. ఆ బల్బు విప్పి సాసర్లో పడేసింది.

తెలుగు ముక్క రాని ఎలీగారు లేచి నిలబడి, అమ్మకి తల వంచి నమస్కరించారు.

ఆ సాయంత్రం చుక్కలు పొడిచాక ఆయనే మా ఇంటికొచ్చారు. నేను క్షమాపణ చెప్పుకుని, మధ్యాహ్నం అమ్మ అన్న మాటలు తర్జుమా చేసి అడిగాను, గుండెకేమైనా అయి ఉంటే ఎలా అని.

"ప్రాణం మీదికి వస్తే నేనే లేచి స్విచ్చి నొక్కేవాణ్ణి. అప్పుడు నొక్కకపోవడమే తప్పు. ఆ ధర్మం మాకిచ్చింది బతకడానికి. ఇవాళ పట్టింది చెమటే, నాడి చూసుకుంటూనే ఉన్నాను," అన్నారు. ముందురోజే వేసి ఉంచిన ఏసీ తిరుగుతుంటే తప్పు లేదట, తలుపు తీస్తే వెలగకుండా ఫ్రిజ్ బల్బు విప్పింది కూడా ఆయనేనట. తమ సుఖం కోసం ఇంకొకరికి పని చెప్పకూడదట. ఆ మనిషి తన కోసం ఏసీ వేసుకుంటే, ఆ చల్లదనంలో కూర్చోవచ్చట. "దీని మీద మా పండితులు వందల ఏళ్ళు వాదించారు. మీ అమ్మగారు ఒక్క నిమిషంలో తేల్చేశారు. ఏ గురువు దగ్గర చదివారు?"

అడిగితే అమ్మ, "మా అత్తగారి దగ్గర," అంది.

ఆరు గంటలు ఆ కొలిమిలో కూర్చుని, ఒక్క వేలు కదిపితే తీరే బాధని కదపకుండా ఓర్చుకున్న మనిషి, నన్ను పల్లెత్తు మాట అనలేదు. అంత నిష్ఠా, అంత శాంతమూ ఒకే మనిషిలో నేను మళ్ళీ చూడలేదు.

ఆదివారం ఉపన్యాసం అద్భుతంగా జరిగింది. చివర్లో డాక్టర్ సాలిం అందరి ముందూ ఎలీగారిని అడిగారు, మా కుర్రాడు బాగా చూసుకున్నాడా అని. నా ప్రాణాలు ఆ సంతకం లేని కాగితం మీదికి వెళ్ళిపోయాయి.

"చాలా బాగా," అన్నారు ఎలీగారు. "మా గ్రంథం ఆ రోజు ఇంటివాడికి, పనివాడికి, ఎద్దుకి, గాడిదకి కూడా విశ్రాంతి ఇమ్మంది. ఈ అబ్బాయి ఇంకా ధర్మాత్ముడు. ఏసీకి కూడా ఇచ్చాడు."

డాక్టర్ సాలిం నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ నవ్వులోనే కాగితం మీద సంతకం పడింది.

అతి భక్తి చోర లక్షణం అన్నారు పెద్దలు. నేను దొంగిలించింది ఒక ముసలాయన చల్లగాలి. అందుచేత, ఏసీ సాక్షిగా, ఫ్రిజ్ బల్బు సాక్షిగా, మా అమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి ధర్మాన్నీ వాళ్ళకన్నా ఎక్కువ నిష్ఠగా పాటించను.