తుమికి రసం మరక

యేసమ్మ నెత్తిన తుమికి రసం కుండ బోర్లించిన రోజున ఊరంతా గట్టు మీదే ఉంది. ఆపినవాడు ఒక్కడూ లేడు. కొల్లేట్లో దింపిన కొత్త వలలు పైకి లాగబోతే పేలికలై చేతికొచ్చాయి. ఆ వలలకు రసం పట్టింది యేసమ్మ. ఇంక విచారణ ఎందుకు? వలల పెద్ద నిత్యానందం, "రసంలో ఏం కలిపావే?" అని ఒక్కమాట అడిగి, ఆమె నోరు తెరిచేలోగా కుండ ఎత్తేశాడు.

తుమికి రసం నీళ్లలా జారిపోయేది కాదు. జిగురు. ఆరేకొద్దీ నల్లబడుతుంది. సాయంత్రానికి ఆమె జుట్టంతా ఒకటే ముద్దయి అట్టకట్టింది. కుంకుడుకాయకీ లొంగలేదు, కిరసనాయిలుకీ లొంగలేదు. పొరుగింటి విక్టోరియా కత్తెర తెచ్చి కుదుళ్లదాకా కత్తిరించింది. మొహం మీది నలుపు మెల్లగా విడిచింది గాని చీర మీది మరక విడవలేదు. విడిపించుకోవాలని యేసమ్మ చూడనూ లేదు. ప్రతి ఆదివారం ఆ చీరే కట్టుకుని, బోడితల మీద చెంగు కూడా కప్పుకోకుండా, వలల వాళ్ల వీధి మధ్యలోంచి నడిచి ప్రార్థనకు వెళ్లేది. ఆమె వస్తుంటే తలుపులు మూసుకునేవారు.

ఆ చెట్టు ఎవరూ నాటింది కాదు. బీడీలు చుట్టే తునికి కాదది. నీటి ఒడ్డున దానంతటది మొలిచే జాతి. ఏడాది పొడుగునా ఆకు రాలదు. కింద నిలబడితే మిట్టమధ్యాహ్నం కూడా చీకటిగా ఉంటుంది. ఊరుమ్మడి గట్టు మీద, యేసమ్మ గుడిసెకు ఆనుకుని ఉంది. ఆమె అత్త, ఆ అత్తకు అత్త, దాని కాయ కోసి బతికారు. పచ్చికాయలు రోట్లో దంచి, కుండల్లో నీళ్లుపోసి నానబెడితే ముక్కుపుటాలు అదిరే కంపుతో రసం దిగుతుంది. అందులో ముంచిన నూలు వల నీళ్లలో తొందరగా చివకదు. పిప్పిని కొబ్బరిపీచుతో కలిపి కూరితే పడవ సందుల్లోంచి నీరు ఊరదు. పిల్లలకు కడుపు జారితే బెరడు కషాయం. పండిన కాయ పిల్లల పాలు. తిన్నవాడి నాలుక అంగిలికి అతుక్కుంటే మిగతావాళ్లకు నవ్వు. వలకు రసం పట్టినందుకు యేసమ్మకు ముట్టేది చేప. మొగుడు పోయాక ఆమెకు మిగిలిన ఆధారం ఆ చెట్టే.

ఆమెకో పద్ధతి ఉంది, అత్త నేర్పింది. ప్రతి వల నుంచీ ఒక నూలుపోగు తెంపి, ఆ కుండలోనే ముంచి, చెట్టు కొమ్మకు కట్టేది. కొమ్మకున్న పోగు పుల్లలా బిర్రబిగిసిందంటే వల కూడా ఆరినట్టు లెక్క.

కబురు తెలిసి ఆమె తమ్ముడు ప్రభుదాసు తాడేపల్లిగూడెం నుంచి వచ్చాడు. అక్కడ బియ్యం మిల్లులో పని. వాడు మొదట చెట్టు కిందికి వెళ్లాడు. కొమ్మకు కట్టిన పోగులు ఇంకా అలాగే ఉన్నాయి. ఒకదాన్ని రెండు చేతులకూ చుట్టుకుని బలంకొద్దీ లాగాడు. వేళ్లు కోసుకున్నాయి గాని పోగు తెగలేదు. అప్పుడు గుడిసె వైపు తిరిగి, "అక్కా!" అని పిలిచాడు. యేసమ్మ గుమ్మంలో కూర్చుని చూస్తూనే ఉంది.

"రసం మంచిదే అక్కా. మరి వలలెందుకు చివికాయి? ఎవడో ఏదో చేశాడు."

"ముందు తిను. చల్లారిపోతోంది" అంది యేసమ్మ.

వాడు తినలేదు. పోగు పట్టుకుని నిత్యానందం ఇంటికి వెళ్లాడు. అరుగు మీద జనం మూగారు. నిత్యానందం పోగును వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు.

"బాగుందిరా. నిన్న కట్టావా, ఇవాళ పొద్దున కట్టావా?"

అరుగంతా గొల్లుమంది.

"మా అక్క అబద్ధమాడుతుందంటారాండీ?"

"ఆడది అబద్ధమాడితే ఆడింది, చెట్టు మటుకు మళ్లీ ఆడకుండా చేస్తాను. కొల్లేట్లో నీళ్లు తీయగానే కొట్టించేస్తున్నా. మొద్దు పడవ పనికొస్తుంది."

మాట అని ఊరుకోలేదు. మర్నాడు మనిషిని పంపి, చెట్టు మొదట్లో సున్నంతో పెద్ద బొట్టు పెట్టించాడు.

అప్పటినుంచీ ప్రభుదాసు ప్రతి మొహంలోనూ దొంగనే చూశాడు. వలల మీద సున్నమో ఏదో చల్లింది ఎవరు? విక్టోరియా కత్తెర తీసుకుని అంత సిద్ధంగా ఎలా ఉంది? ఏలూరు నుంచి తారు డబ్బాలు ఊళ్లోకి దిగాయని వినగానే ఇంక వాడికి నిద్రలేదు. తుమికి రసం మానేసి వలలకు తారు పూయమని చెబుతున్నది ఏలూరు వర్తకుడు శ్రీరంగనాయకులు. లాభం ఎవడిదో నేరం వాడిదే అనుకుని ప్రభుదాసు తిన్నగా కొట్టుకే వెళ్లి నిలబడ్డాడు.

శ్రీరంగనాయకులు విసనకర్ర ఆపకుండా అంతా విన్నాడు.

"ఏమయ్యా, కొల్లేరు మొహం నేనింతవరకూ చూడలేదు. అడిగినవాడికి అమ్ముతాను. మీ అక్క నెత్తిన పోసిన కుండ కూడా నా కొట్లోదేనంటావా? నేను కుండలు అమ్మను."

వర్తకుడి మొహంలో తప్పు కనిపించలేదు. అలా కనిపించకపోవడమే ప్రభుదాసుకు మరింత అనుమానమయింది.

యేసమ్మకూ అనుమానం పట్టుకుంది గాని ఆమెది మాట్లాడని అనుమానం. కావిడి నీళ్లు రుచి చూసి గాని కుండలో పోయనిచ్చేది కాదు. ఎవరైనా పలకరిస్తే వాళ్ల చేతుల వైపు చూసేది.

ఈలోగా తారు తన పని తాను చేసింది. వలలు కర్రల్లా బిగుసుకుపోయాయి. విసిరితే విచ్చుకోవు, మడిస్తే మడతపడవు. బరువుకు దోనెలు ఒరిగిపోతున్నాయి. ఇంట్లో అన్నం కూడా తారు కంపు కొడుతోందని ఆడవాళ్లు మొత్తుకున్నారు. చెట్టు కొట్టేవాళ్లు రేపు వస్తారనగా నిత్యానందం భార్య కామేశ్వరి, చంకలో కొత్త వల కట్టతో యేసమ్మ గుమ్మం ముందు నిలబడింది. ప్రభుదాసు లోపలే ఉన్నాడు.

"యేసమ్మా, దీనికి కాస్త రసం పట్టిపెట్టవే."

"రసంలో ఏదో కలుపుతానంటకదమ్మగారూ?"

"పాతమాటలు ఎందుకులే. ఈసారి ఎండేదాకా నీ దగ్గరే ఉంచుతాం. అప్పటిలా తడి మీద మడిచి ఈతచాపల కింద..." కామేశ్వరి మాట మింగేసింది.

ప్రభుదాసు ఒక్క ఉదుటున లేచాడు. గణపవరం చేపల బేరగాళ్లు వచ్చి కూర్చున్నారని, ఇంటి దగ్గర ఆరబెట్టుకుంటామని, ఆ రోజు తడి వలలే పట్టుకుపోయాడు నిత్యానందం; ఊళ్లో విన్న ఆ మాట ప్రభుదాసుకు ఇప్పుడు అతికింది. తీసుకుపోయి చాపల కింద కుక్కాడన్నమాట! చాపల కింద తడి నూలు ఉడికిపోయి చివికింది. తెలిసీ కుండ ఎత్తాడు. ప్రభుదాసు గుమ్మం దాటబోతుంటే యేసమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వుండు" అని, కామేశ్వరి వైపు తిరిగింది. "రసం పట్టిస్తానండీ. మీ ఆయన వచ్చి కాయ దంచాలి. ఇక్కడే గట్టు మీద, అందరూ చూస్తుండగా. రసం పిండేది, వల ముంచేది కూడా ఆయనే. నేను కుండ ముట్టుకోను. అప్పుడింక నేనేం కలిపానన్న అనుమానం ఆయనకుండదు గదా."

"ఆయన దంచుతారుటే? నీకు మతి పోయిందా?"

"అయితే చెట్టు కొట్టించేయండి. తారు ఉందిగా."

కామేశ్వరి ఇంట్లో ఏం చెప్పిందో, ఏం వండిపెట్టలేదో ఎవరికీ తెలియదు. మర్నాడు గొడ్డళ్లు రాలేదు. నిత్యానందం వచ్చాడు. ఎవరినీ చూడకుండా రోటి ముందు కూర్చుని కాయ దంచాడు. యేసమ్మ మరక చీర కట్టుకుని ఎదురుగా కూర్చుంది. "ఇంకా మెత్తగా అండీ" అంటూ ఉంది. రసం పిండేసరికి ఆయన చేతులు మోచేతులదాకా నల్లబడ్డాయి. సంతలో బేరగాళ్లు, "ఏవండీ, చేతులకేమయింది?" అని అడిగితే పంచెలో దాచుకునేవాడట. తప్పయిందని మాత్రం అనలేదు. చెట్టు జోలికీ రాలేదు. సున్నం బొట్టు వానలకు కరిగిపోయింది.

ప్రభుదాసుకు ఇది చాలలేదు. పంచాయితీ పెట్టించి నిజం చెప్పించాలని తాడేపల్లిగూడెంలో కూర్చుని రగిలిపోయాడు. తర్వాత ఒక ఎండాకాలం యేసమ్మకు దగ్గు ముదిరిందంటే, తనతో తీసుకుపోదామని వచ్చాడు. ఆమె చెట్టు కింద నులకమంచం మీద ఉంది. జుట్టు మెడదాకా పెరిగి తెల్లబడింది. రానంది. చెట్టు వదిలితే మళ్లీ బొట్టు పెడతారంది.

"అక్కా, ఆ నిత్యానందం తడి వలలు మడిచాడని నీకు ముందునుంచీ అనుమానం ఉందా?"

"ఉంది."

"మరి ఒక్కసారన్నా నాతో అనలేదేం? ఊరు ఊరంతా నిన్ను అనుమానిస్తే నీ పక్కన నిలబడ్డవాణ్ణి నేనొక్కణ్ణే గదా!"

దగ్గు ఆగాక యేసమ్మ కొమ్మకు వేలాడుతున్న పోగుల వంక చూసింది.

"ఆ రోజు నా దగ్గరికి రాకముందే చెట్టు కాడికెళ్లి పోగు లాగి చూశావు తమ్ముడూ. తెగలేదు గనక అక్కా అని పిలిచావు. తెగుంటే ఏమని పిలిచేవాడివిరా?"