గ్రూపులో నాయన తిట్లు

కోరుట్లలో మా బట్టల దుకాణం పరువును ఒక్క మీట నొక్కి గంగలో కలిపిన ఘనుణ్ణి నేనే. ఎలాగో చెబుతాను, బేరమాడకుండా వినండి.

కొత్త ఇంటర్‌కం పెట్టడానికి జగిత్యాల నుంచి సలీం వచ్చాడు. అతనితో ఎంతగా గీచి గీచి బేరమాడానంటే, చివరికి "అన్నా, గీ పైసలకు వైర్లు గుంజి ఫోన్లు వెడ్త. గ్రూపులు నువ్వే వెట్టుకో" అని చేతులు దులుపుకున్నాడు. గెలిచానని మీసం దువ్వుకున్నాను.

గ్రూపంటే, మీట నొక్కగానే అందులోని ఫోన్లన్నీ కలిసిపోతాయి. నేను కూర్చునే గల్లాకూ నాయన ఉండే గోదాముకూ ఒకటి, చాయ్ చెప్పడానికి పై అంతస్తునూ ఇంటినీ కలిపి ఇంకొకటి పెట్టాననుకున్నాను. సరిచూసుకోలేదు. పెళ్లిళ్ల సీజన్‌లో అంత తీరిక ఎవరికుంటుంది చెప్పండి?

మా బేరానికో పద్ధతి ఉంది. కొనడానికొచ్చిన గిరాకీ ధర తగ్గించమంటే నేను గోదాములోని నాయనకు ఫోన్ చేసి బతిమాలాలి. ఆయన తిట్టాలి. నేను ఏడుపుమొహంతో కాస్త తగ్గించాలి. నాకోసం ఇన్ని తిట్లు తిన్నాడే అని గిరాకీ కరిగిపోవాలి.

ఆ రోజు మేడిపల్లి పెళ్లివారొచ్చారు. ఆడవాళ్లు పైన చీరలు ఏరుతున్నారు. పెళ్లికూతురి తండ్రి మల్లయ్య నా ఎదురుగా కూర్చున్నాడు. ఆ బేరం దక్కితే మా సీజన్ గట్టెక్కినట్టే. జారితే ఎదురు దుకాణానికి పండగ.

"ఇంకింత తగ్గియ్యి సేటూ" అన్నాడు మల్లయ్య. నేను మీట నొక్కాను.

"నాయినా, పాపం ఆడపిల్ల పెండ్లి. జర తగ్గియ్యాలె."

నాయన గొంతు తగ్గించాడు. "ఆల్లకు చీరలు మనసున వడ్డయిరా, ఏడికి పోరు. నువ్వు ఏడుపు మొకం వెట్టు, నేను తిట్టుడు మొదలువెడ్త."

పై అంతస్తు ఫోను ఎత్తకపోయినా మాట్లాడే స్పీకరు రకం. అందులోంచి పెళ్లికూతురి నాయనమ్మ గొంతు: "తిట్టు బిడ్డా, మేం గూడ ఇంటున్నం!"

వెంటనే ఇంట్లోంచి మా అమ్మ అందుకుంది: "ఎవలు, అవ్వనా? గీ నాటకం రోజుండేదే. తిట్లయినంక చెప్పే ధర మీద ఇంకింత దిగుతరు. గట్టిగ అడుగు!"

"సల్లగుండు తల్లీ! ఓ సేటూ, ఇన్నవా?" అంది అవ్వ నాయనతో.

గోదాములోంచి నాయన నీరసంగా, "ఇన్న అవ్వా."

నాలుగు ఫోన్లనూ ఒకే గ్రూపులో పెట్టానని అప్పుడు తెలిసి, నేను రిసీవరు పట్టుకొని, షోకేసులో చీర కట్టిన బొమ్మలా నిలబడ్డాను. ఏమీ వినపడని మల్లయ్య ఆత్రంగా అడిగాడు: "ఏమంటున్నడు మీ నాయిన?"

"ఇచ్చెయ్యమంటున్నడు."

చుట్టాలకు పెట్టే చీరలతో సహా మొత్తం మా దగ్గరే కొన్నారు. అవ్వ దిగొచ్చే ముందు స్పీకర్లో చివరి ఆజ్ఞ వేసింది: "ఇగ ఆ పోరన్ని తిట్టు. గీసారి నిజంగనే!"

నాయన పెద్దల మాట జవదాటే మనిషి కాదు.

మర్నాడు గల్లాపెట్టె మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: ఫోన్లు కలిపేవాడితో, విడదీసేవాడితో ఈ జన్మలో బేరమాడను. గ్రూపులు సరిచేయమని సలీంకు ఫోన్ చేశాను. మొదటి ధరకు రెండింతలు చెప్పాడు.

"సరే" అన్నాను.

"అన్నా," అన్నాడు సలీం, జ్వరమొచ్చినవాణ్ణి పలకరిస్తున్నట్టు కంగారుగా, "పానం మంచిగున్నదా?"