సోలారు పలకలకు వరుని వెదకిన వేసవి

లోకములకెల్ల వెలుగిచ్చి, మా పావగడ సీమకు మాత్రము రెండు పాళ్ళెక్కువ ప్రసాదించు సూర్యభగవానునకు నమస్కరించి, విశ్వావసు నామ సంవత్సర మాఘ శుద్ధ సప్తమి నాడు ఈ ముచ్చట వ్రాయుచున్నాను.

రెండేండ్ల క్రిందట, అరువది దాటిన నాకు యౌవనము మరల వచ్చినది. (మొదటి యౌవనమున చేయవలసిన తప్పులను, పద్యములు వల్లించుటలో పడి చేయలేకపోతిని, వానికి అప్పటికి తీరిక చిక్కినది.) మా బలసముద్రము చుట్టునుగల వేరుసెనగ చేలు కౌలుకు పోయి, కనుచూపు మేర సోలారు పలకలు పరచుకొన్నవి. ఊరి మీది తీగలలో కరెంటు ఎక్కడికో పరుగెత్తుచుండగా, మా ఇంట మిట్టమధ్యాహ్నము ఫ్యాను ఆగిపోవుచుండెను. ఎనుబది దాటిన మా అత్తగారు మంచము పట్టి మా యొద్దనే యుండిరి. ఫ్యాను ఆగినప్పుడెల్ల ఆమెకు ఆయాసము. నా భార్యకు విసనకఱ్ఱ. ఒకనాడు చేయి నొచ్చి ఆ విసనకఱ్ఱ జారిపోవుట చూచి, "ఈ వైశాఖంలో మీ అమ్మ గదిలో ఫ్యాను ఆగదు. మాటిస్తా ఉండా" అంటిని.

"మాటలకేం తక్కువ ల్యా. గాలి రావల్ల" అనెను నా భార్య.

మిద్దెపై నాలుగు పలకలు మేమే బిగించుకొనుటకు నిశ్చయించితిమి. సోలారు ప్లాంటులో పలకలు కడుగు నా బావమఱది చేయి కలిపెను. ప్రతి పలక క్రిందను మైక్రోఇన్వర్టరను చిన్నపెట్టె నొకదానిని తగిలింపవలెను. పలకలో పుట్టిన కరెంటును అది ఇంటి కరెంటుగా మార్చును. ఒక పెట్టె చెడినను తక్కినవి ఆగవు. అంగడిలో మూడు కంపెనీల పెట్టెలుండెను. ఏది మేలు?

ఊరిలో పెండ్లి సంబంధము విచారింపవలసి వచ్చినచో నన్నే ముందు పెట్టుకొనుట వాడుక. కావున పలకను కన్యగను, పెట్టెను వరునిగను భావించి పనిలో దిగితిని. మొదటిది నల్లపెట్టె, పాతికేండ్ల హామీ. రెండవది బూడిదరంగుది, వెల తక్కువ, హామీయు తక్కువ. మూడవది రెండు పలకల నొక్కటే ఏలునది. "ఒకనికి ఇద్దరు పెండ్లాలొద్దు. వాడు పడకేస్తే ఇద్దరికీ పస్తే" అని దానిని అప్పుడే త్రోసిపుచ్చితిని. పాతికేండ్ల మాట విని అత్తగారు బోసినోరు తెరచి, "అన్నేండ్లు నేనుంటానా అల్లుడా? ఈ ఎండకాలం సంగతి చూడు" అనిరి.

సంబంధము విచారించుటలో మా వైపు ఒక పద్ధతి యున్నది. వరుని ఇంటివారిని అడుగరాదు. వారు మంచియే చెప్పుదురు. ఇరుగుపొరుగును అడుగవలెను. నల్లపెట్టె బిగించిన ఇల్లు నాగలమడికలో నున్నదని విని, ఎండలో బస్సెక్కి పోయి, ఆ ఇంటికి పోక ప్రక్క ఇంటి అరుగుపై కూర్చుంటిని.

"పక్కింటి పెట్టె గుణమెట్లుండాదమ్మా?"

"బంగారట్లా పెట్టె సామీ. అరుపు ల్యా, పొగ ల్యా. ఉండాదో ల్యాదో గూడా తెలీదు" అని ఆ ఇల్లాలు చెప్పెను. (వరునికి ఇంతకన్న ఏమి గుణము కావలెను?)

అంతలో పెట్టె యజమాని తన గడపలో నిలిచి, "సామీ, ఈడికి రాండి. ఆ పెట్టె గురించి ఒక మాట చెప్పల్ల" అని పిలిచెను.

"నువ్వు చెప్పొద్దప్పా! సొంత బిడ్డను పొగడకుండా ఎవురుంటారు?" అని చేయి యడ్డము పెట్టి, తిరుగు బస్సెక్కితిని.

నాలుగు నల్లపెట్టెలు వచ్చినవి. కరెంటు ఆఫీసువారి అనుమతియు వచ్చినది. అన్నియు బిగించితిమి. వైశాఖము ప్రవేశించిన కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నము కరెంటు పోయెను. నేను కండువా సవరించుకొని, గర్వముతో అత్తగారి గదిలోనికి పోతిని. ఫ్యాను మెల్లమెల్లగా తిరిగి తిరిగి ఆగిపోయెను. పైన పలకలు కన్నులు చెదరునట్లు మెఱయుచున్నవి; క్రింద అత్తగారికి ముచ్చెమటలు.

"ఏంది బావా, నాలుక్కి నాలుగూ ఒకేసారి సచ్చినాయే!" అని బావమఱది తల గోకుకొనెను. నా భార్య విసనకఱ్ఱ తీసికొనెను. ఆమె తిట్టియున్న బాగుండెడిది.

మఱునాడే మరల నాగలమడిక. ఈసారి నేరుగా యజమాని ఇంటికే పోతిని. అతడు నవ్వి, "లైనులో కరెంటుంటేనే అవి పనిచేస్తాయి సామీ. పోతే అవీ నిలిచిపోతాయి. ల్యాకుంటే రిపేరీకి కరెంటు కంబమెక్కినోడు షాకు కొట్టి సస్తాడు కదా. అంగట్లో దొరికే పెట్టెలన్నిటిదీ అదే కత" అనెను.

"ముందే చెప్పకూడదాప్పా?"

"చెప్పనిచ్చినారా మీరు?"

వరుని రూపమును, మౌనమును, ఆయువును విచారించితిని. కష్టము వచ్చిన నాడు ఇంట నిలుచునా యని అడుగనైతిని.

అయినను ఇచ్చిన మాట ఇంకను నిలిచియున్నది. బస్సులో ఆలోచించితిని: అత్తగారికి గాలి కావలసినది ఎండ కాయు వేళనే. ఎండ యున్నచో పలకలో కరెంటున్నది. ఇక నడుమ పెట్టె యెందులకు? పావగడలో దిగి, పలక కరెంటుతో నేరుగా తిరుగు డీసీ ఫ్యానును, వోల్టేజిని అదుపులో నుంచు చిన్నడబ్బాను కొని తెచ్చితిని. ఒక పలకను దాని నల్లపెట్టె నుండి విడదీయుటకు మిద్దె యెక్కితిమి.

"పెండ్లై నెల కాల్యా బావా, అప్పుడే విడాకులా?"

"విడాకులే. నవ్వింది చాలు, వైరు పట్టుకో."

పనిలేని ఆ నల్లపెట్టె అత్తగారి మంచము ప్రక్కకు చేరినది. ఆమె దానిపై ఆకువక్క సంచి పెట్టుకొని, "పాతికేండ్లు కదలదంట" అని చూడవచ్చినవారికెల్ల చూపుచుండిరి. నాగలమడిక అరుగుపై చేయి యడ్డము పెట్టిన ఆ పెద్దమనిషి, ఆనాటి నేనే, నాకు నేటికిని అప్పుడప్పుడు కనబడును. కోపము రాదు, ఎండన పడి వచ్చినాడు పాపమని, పిలిచి ఇన్ని మజ్జిగ ఇయ్యవలెననిపించును.

ఆ యేడే, క్రోధి నామ సంవత్సర వైశాఖ బహుళ విదియ నాడు మధ్యాహ్నము మరల కరెంటు పోయినది. అత్తగారి గదిలో ఫ్యాను ఆగలేదు.