నాలుగో సినిమాలో వయోలాలు

పత్రికలో సినిమా పేజీ చూసుకునే రోజుల్లో నేను రాసిన ప్రతి సమీక్షకూ చివర ఒక పేరా ఉండేది. ఛాయాగ్రహణం బాగుంది, కూర్పు ఇంకాస్త పదునుగా ఉండాల్సింది, నేపథ్య సంగీతం సందర్భోచితంగా ఉంది. ఇంచుమించు అందరం అలాగే రాసేవాళ్లం. ఆ పేరా రాయడానికి సినిమా చూడనక్కర్లేదు, ఆమాటకొస్తే విననక్కర్లేదు కూడా.

ఒక ఇంగ్లీషు గూఢచారి సినిమాల వరుసలో నాలుగోదానికీ అదే రాశాను. మొదటి మూడూ బాగా ఆడాయి. నాలుగోదానికి హీరో మారాడు, కథ మంచుకొండల్లో చిక్కుకుపోయింది, జనం మొహం తిప్పుకున్నారు. పేజీకి టైమవుతోందని చివరి పావుగంట ఉండగానే నేను థియేటర్‌లోంచి లేచి వచ్చేశాను. 'గూఢచారి కాదు, నిద్రమాత్ర' అని శీర్షిక పెట్టాను. మర్నాడు ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు.

ఆ సినిమా సంగీతం మళ్లీ నా చెవిన పడింది ఇక్కడ అమెరికాలో, మోరిస్‌విల్‌లో, మా వీధి చివర ఉండే డాక్టర్‌గారి పాత కారులో. ఆయన ఆసుపత్రుల్లో మత్తు డాక్టరుగా చాలా ఏళ్లు చేసి రిటైరయ్యారు. యాభై దాటాక వయోలా నేర్చుకుని, ఊరివాళ్లు సరదాగా నడుపుకునే ఆర్కెస్ట్రాలో చేరారు. వయోలా చూడటానికి వయొలిన్‌లాగే ఉంటుంది; కాస్త పెద్దది, గొంతు కాస్త బరువు.

ఓ శనివారం ఇద్దరం ఇండియన్ స్టోర్‌కి వెళ్లి కూరలూ కుల్ఫీలూ తెచ్చుకుంటున్నాం. లైబ్రరీవాళ్లు వదిలించుకున్న సీడీల్లో దొరికిందంటూ ఆయన ఒకటి పెట్టారు. ఏ సినిమాదో చెబితే నవ్వొచ్చింది. ఆయన ఇంటి ముందు కారు ఆగేసరికి చివరి ట్రాక్ మొదలైంది. మంచులో చిన్న రైల్వేస్టేషన్, గూఢచారి ఒకామె కోసం కాచుకుని ఉంటాడు. ఆ సీను నాకు గుర్తుంది, సంగీతం మాత్రం బొత్తిగా లేదు. రైలు చప్పుడు కిందెక్కడో నలిగిపోయి ఉంటుంది. ఇప్పుడు రైలు లేదు, మాటలు లేవు. ముందు దూరంగా రెండు కొమ్ముబూరలు. తర్వాత వయోలాలు రాగం అందుకున్నాయి. ఎప్పుడూ ముందుండే వయొలిన్లు పక్కకు తప్పుకుని సన్నగా ఒకే స్వరం పట్టుకున్నాయి. ఆ రాగానికి తొందర లేదు. ఒక మెట్టెక్కి, ఆగి, వెనక్కి చూసి, మళ్లీ ఎక్కుతుంది. ఆఖర్న ఆర్కెస్ట్రా మొత్తం కలిస్తే కారు అద్దాలు అదిరాయి.

ఇద్దరం దిగలేదు. ఆయన మళ్లీ పెట్టారు.

డాక్టర్‌గారి భార్య గరాజ్ తలుపు దగ్గరికి వచ్చారు. "కుల్ఫీ కరిగిపోతోంది. దిగుతారా, ఇద్దరికీ గిన్నెలు తెమ్మంటారా?"

"పాపం, ఆ గూఢచారి అంతసేపు నిలబడ్డా ఆమె రానే రాదు కదా," అన్నాను నేను దిగుతూ.

"రాకపోవడమేంటండీ! లాస్ట్ సీన్‌లో వస్తుందిగా. ఈ బిల్డప్ అంతా దానికేగా! అసలు సినిమా చూశారా మీరు?" అన్నారు డాక్టర్‌గారు.

తప్పు ఒప్పుకోక తప్పలేదు. పావుగంట సంగతి, సంగీతం పేరా సంగతి, శీర్షిక సంగతి అన్నీ చెప్పేశాను. ఆయన కారుకి ఆనుకుని నవ్వారు. "లైఫంతా జనాన్ని నిద్రపుచ్చినవాణ్ని ఎడిటర్‌గారూ. ఇది నిద్రమాత్ర కాదని సర్టిఫికెట్ నేనిస్తాను."

నవ్వు ఆగాక అసలు విషయం చెప్పారు. జూన్‌లో పార్కులో వాళ్ల కచేరీ ఉంది, ఈసారి సినిమా సంగీతం. ఈ గూఢచారి వరుసలోంచి ఒకటి ఉండాలన్నారు గానీ అందరి మొగ్గూ మొదటి సినిమా టైటిల్ మ్యూజిక్ వైపే. ఇంకేదైనా కావాలన్నవాళ్లు ఒక పేజీ రాసి తెస్తే ఓటింగ్ పెడతానంది ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టరమ్మ.

"నా చిటికెనవేలు స్టిఫ్ అయిపోతోందండీ. ఇదే నా లాస్ట్ సీజన్, చెప్పేశాను కూడా. ఇన్నేళ్లూ వెనక కూర్చుని ఊం-చక్ ఊం-చక్ వాయించాను. ఒక్కసారి ట్యూన్ వాయించి దిగిపోతాను. ఆ పేజీ మీరు రాయాలి."

"నేనా? వినకుండా రాసినవాణ్ని!"

"అందుకే. మీరు బాకీ."

రెండు రోజులు కూర్చుని రాశాను. గంభీరం, హృద్యం, అజరామరం, నా దగ్గరున్న మాటలన్నీ వాడాను. మా ఆవిడ చదివి కాగితం వెనక్కిచ్చింది. "ఎవరో పోయినట్టుందండీ. కారులో ఏం జరిగిందో అది రాయొచ్చుగా?"

చించేసి, రిపోర్టర్‌గా వార్త రాసినట్టు రాశాను. ఎవరు, ఎక్కడ, ఏం జరిగింది. ఇద్దరు ముసలివాళ్లు, ఇంటి ముందు ఆగిన కారు, పాలైపోయిన కుల్ఫీ, ఒకే ట్రాక్ రెండుసార్లు. ఆ ఇద్దర్లో ఒకడు ఒకప్పుడు దీన్ని వినకుండానే తీర్పు చెప్పాడనీ రాశాను. డాక్టర్‌గారు ఇంగ్లీషులోకి మార్చి రిహార్సల్లో చదివారు. ఆ రాత్రే ఫోన్. "టూ ఓట్స్ మెజారిటీ! వయోలాలన్నీ మనకే పడ్డాయి. డ్రమ్స్ కుర్రాడు కూడా వేశాడండీ, వాడికి ఇందులో పనే లేదు!"

మే నెలంతా వాళ్ల కిటికీలోంచి అదే రాగం. పై స్వరం దగ్గర చిటికెనవేలు మొరాయించేది. ఆ పని మూడో వేలికి అప్పగించి, చేతిని కాస్త పైకి జరిపి వాయించడం అలవాటు చేసుకున్నారు. పదిసార్లలో ఆరేడుసార్లు అందేది.

కచేరీనాడు పచ్చికంతా మడత కుర్చీలు. మా పక్కన నాలుగు తెలుగు కుటుంబాలు, పులిహోర డబ్బాలతో. కొమ్ముబూరలు మొదలైనప్పుడు ఇంకా మాటలు వినబడుతున్నాయి. వయోలాలు అందుకునేసరికి తగ్గాయి. నేను డాక్టర్‌గారి ఎడమచేతినే చూస్తున్నాను. రాగం ఒక మెట్టెక్కింది, ఆగింది, మళ్లీ ఎక్కింది. చెయ్యి పైకి జరిగింది. అందింది. ఆయన కళ్లు మూసుకున్నారు. పులిహోర వడ్డిస్తున్నావిడ గరిటె అలాగే పట్టుకుని నిలబడింది. తర్వాత ఆర్కెస్ట్రా అంతా కలిసింది. ఎన్నో ఏళ్ల కిందట నేను చూడకుండా లేచి వచ్చేసిన ఆ పావుగంట చివర్న, ఆమె రైలు దిగి వచ్చింది.

చప్పట్ల మధ్య ఆయన భార్య నావైపు వంగారు. "నెలరోజులుగా ఇంట్లో చెవులు మూసుకున్నది దీనికా? ఇంత బాగుంటుందని ఒక్క ముక్క చెప్పరే!"

ముందు వరసలో కూర్చున్న ఓ అమెరికన్ పెద్దాయన వెనక్కి తిరిగి ఇది ఏ సినిమాలోదని అడిగాడు. చెప్పాను. అలాంటిది ఒకటి వచ్చినట్టే తెలియదన్నాడు. వాయించినాయన్నే అడగమని చూపించాను.

నేను కుర్చీలు మడిచి వెళ్లేసరికి డాక్టర్‌గారు చిటికెనవేలికి ఎవరో ఇచ్చిన చల్లటి సోడా డబ్బా ఆనించుకుని, రెండో చేత్తో గాలిలో మెట్లు గీస్తూ ఆ పెద్దాయనకు రాగం కూనిరాగంగా నేర్పుతున్నారు. ఆయన తప్పు పాడుతున్నాడు. డాక్టర్‌గారు మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నారు.