బల్ల మీద స్టీలు గ్లాసు

మొయినాబాద్ చౌరస్తాలో ద్రాక్షపండ్ల బండి పక్కన కారు ఆపితే చాలు, నాకు చర్చి గుర్తొస్తుంది. ఎండకు మెత్తబడి ఈగలు ముసిరిన నల్లద్రాక్షల పులుపు వాసన అది. ఎక్కడివని అడిగితే మహారాష్ట్రవి మేడం అంటాడు బండి అతను. ఈ రోడ్డుకు రెండువైపులా ఒకప్పుడు ద్రాక్షతోటలే ఉండేవని చెప్పాలనిపిస్తుంది. చెప్పి ఏం లాభం? తోటల చోట ఇప్పుడు ఫంక్షన్ హాళ్లున్నాయి, గేట్లకు తాళాలేసిన ఫామ్‌హౌసులున్నాయి. అయినా నాకు గుర్తొచ్చేది తోటలు కాదు, మా దీనవ్వ. కట్టెల పొయ్యి మీద పెద్ద గంజులో పండ్లు ఉడకేసి, తెల్లబట్టలో పోసి, రెండు చేతులతో పిండుతూ, నేను వేలు ముంచబోతే మోచేత్తో నెట్టేసే దీనవ్వ.

ఆమె మా సంఘానికి బైబిల్ స్త్రీ. పాస్టర్‌గారు మూడు ఊళ్ల సంఘాలు చూసుకుంటూ చేవెళ్ల నుంచి మోటార్ సైకిల్ మీద వచ్చిపోయేవారు. ఆయన లేని రోజుల్లో రోగుల దగ్గర కూర్చోవడం, చదువురాని ఆడవాళ్లకు వాక్యం చదివి వినిపించడం, పిల్లలకు సండే స్కూలు చెప్పడం, నెలకొకసారి రొట్టె, ద్రాక్షారసం పంచే సంస్కారపు ఆదివారానికి రసం చేసి వెండి గిన్నె తోమి పెట్టడం, అన్నీ ఆమె పనులే. చిన్న వయసులోనే భర్త పోయాడు. పిల్లలు లేరు. ఆ లోటంతా మా చెవుల మీద తీర్చుకునేది, మెలిపెట్టి. నాకు చదవడం నేర్పింది బడి కాదు, ఆమె. పొడుగు ప్రార్థనలంటే ఆమెకు గిట్టేది కాదు. "ఎంత పొడుగు చేసినా దేవుడు నిద్రపోడు గని, మనమే పోతం. అడిగేదేందో అడిగి లే" అనేది. దేవుడితో అయినా మనుషులతో అయినా నేను సూటిగా మాట్లాడతానని ఇప్పుడు కొందరు విసుక్కుంటారు. ఆ నేరం ఆమెదే.

నేను డిగ్రీ అయిపోయి హైటెక్ సిటీలో కాల్ సెంటర్ ఉద్యోగంలో చేరిన కాలం అది. మా రోడ్డు మీద రోజుకో కొత్త వెంచర్ బోర్డు లేచేది. చూస్తుండగానే ద్రాక్షపందిళ్లు కూల్చి, రాళ్లు పాతి, రాళ్లకు తెల్లసున్నం వేశారు. ఏటా పంట కాలంలో చర్చికి బుట్టెడు పండ్లు పంపే తోటాయన కూడా తోట అమ్ముకుని పట్నం పోయాడు. అప్పటి నుంచి దీనవ్వ చేవెళ్లలో సేటు దుకాణం నుంచి ఎండుద్రాక్ష తెచ్చి నానబెట్టి ఉడికించేది. "రుచి లేదు, రంగున్నది" అని సణిగేది.

ఆ ఏడే ఎస్తేరు సంగతి బయటపడింది. ఎస్తేరు భర్త లారీ డ్రైవరు. ఏడాది కింద చిక్కి శల్యమై చనిపోయాడు. తర్వాత ఆమెకూ జ్వరాలు పట్టుకున్నాయి. పట్నం దవాఖానలో పరీక్ష చేసి ఎయిడ్స్ జబ్బని చెప్పారు. ఊరికి ఎలా తెలిసిందో తెలియదు గానీ, వారం తిరగకుండానే ఆమె వాకిట్లోకి ఎవరూ పోవడం మానేశారు. దీనవ్వ ఒక్కతే పోయేది. ఎస్తేరు మాత్రం ఆదివారం చర్చికి రావడం మానలేదు. చెప్పుల దగ్గర, చివరి చాపమీద కూర్చునేది.

అసలు గొడవ గిన్నె దగ్గర వచ్చింది. మా చర్చిలో అందరం బల్ల ముందు మోకరించి ఒక్క గిన్నెలోనే తాగేవాళ్లం. పాస్టర్‌గారు గిన్నె అంచు బట్టతో తుడిచి పక్కవారికి అందించేవారు. ఎస్తేరు తాగిన గిన్నెలో మేం తాగమని కొన్ని కుటుంబాలవాళ్లు చర్చి కమిటీకి చెప్పారు. కమిటీ సెక్రెటరీ మా బాపు, మండల ఆఫీసులో అటెండరు. "జర ఇంటర్నెట్ల చూడు బిడ్డా, గిన్నెతోని అంటుకుంటదా?" అని నన్నే అడిగాడు. చూశాను. అంటుకోదని రాసి ఉన్న కాగితాలు ఆఫీసులో ప్రింట్ తీసి తెచ్చాను. బాపు వాటిని కమిటీలో చదివి వినిపించాడు కూడా. అందరూ శ్రద్ధగా విన్నారు. విని, "అయినా గని" అన్నారు.

ఆరాధన అయ్యాక కమిటీవాళ్లు చర్చిలోనే కూర్చుని మాట్లాడుకున్నారు. ఆడవాళ్లకు కమిటీలో చోటు లేదు కాబట్టి దీనవ్వ తలుపు దగ్గర నిలబడింది, పక్కన నేను. ఎస్తేరును రావద్దనడం పాపం, కనుక అందరి తర్వాత రమ్మందాం, ఆమెకు వేరే స్టీలు గ్లాసు పెడదాం అన్నాడు బాపు. అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. పాస్టర్‌గారు మోటార్ సైకిల్ తాళం చేతిలోకి తీసుకున్నారు. అప్పుడు దీనవ్వ అంది:

"యాకోబూ, మీ తాత షాబాద్ హోటల్ల చాయ్ దేంట్ల తాగుతుండెనో యాదికున్నదా?"

బాపు ముఖం మాడిపోయింది. అక్కడున్న ప్రతి ఒక్కరికీ ఆ సంగతి తెలుసు. మావాళ్ల గ్లాసులు హోటల్ బయట చూరులో దోపి ఉండేవి. తాగి, కడిగి, మళ్లీ అక్కడే దోపి పోవాలి. ఒక్క గిన్నెలో అందరం తాగుతామనే కదా మా ముత్తాతలు ఈ బల్ల దగ్గరికి వచ్చింది!

"గది వేరు అవ్వా. ఇది రోగం. చిన్నపిల్లలున్నోళ్లు భయపడుతున్నరు. నేనేం జెయ్యాలె?"

"ఆ హోటలోళ్లు గూడ ఏదో ఒక ముచ్చట చెప్పిన్రు బిడ్డా. చెప్పకుంట వేరే గిలాస ఎవలు పెడ్తరు?"

అయినా నిర్ణయం మారలేదు. మా బాపు చెడ్డవాడు కాదు. అందరినీ కలిపి ఉంచాలనుకున్నాడు, అంతే. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ దిగులేస్తుంది, ఎందుకంటే చెడ్డవాళ్లెవరూ లేకుండానే అదంతా జరిగింది.

సంస్కారపు ఆదివారం బల్ల మీద తెల్లబట్ట, వెండి గిన్నె, దాని పక్కన కొత్త స్టీలు గ్లాసు. ఎప్పుడూ ఆడవాళ్ల మొదటి వరుసలో మోకరించే దీనవ్వ ఆ రోజు వెనక ఎస్తేరు పక్కన కూర్చుంది. మేమంతా తాగి మా చోట్లకు వచ్చేశాక వాళ్లిద్దరూ లేచి నడిచారు. ఎస్తేరు గోడ పట్టుకుని నడిచింది. పాస్టర్‌గారు గ్లాసు అందించారు. ఎస్తేరు ఆ గ్లాసును చూసింది, వెండి గిన్నెను చూసింది, తాగింది. ఆమె కింద పెట్టకముందే దీనవ్వ చేయి చాచి గ్లాసు తీసుకుంది.

"నాకు గూడ ఈ గిలాసలనే పొయ్యుండ్రి అయ్యగారూ."

పాస్టర్‌గారు మా బాపు వైపు చూశారు. బాపు నేల చూపులు చూశాడు. పాస్టర్‌గారు పోశారు.

సాయంత్రం ఆమె ఇంటికి పోయాను. ఎంత ధైర్యం అవ్వా నీకు అన్నాను, పొంగిపోతూ. కస్సుమంది. "ధైర్యమా? నాకు భయం కాలేదనుకుంటున్నవా? ఇంటికొచ్చి సబ్బుతోని నోరు కడుక్కున్న. కడుక్కున్నందుకు మళ్ల ఏడ్చిన."

ఆ తర్వాత కమిటీవాళ్లు పట్నం చర్చిల్లో లాగా చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పులు తెప్పించారు. ఎవరి కప్పు వాళ్లది. ఎవరినీ ఏమీ అనాల్సిన పని లేకుండా పోయింది. వెండి గిన్నె బీరువాలోకి పోయింది. ఎస్తేరు మళ్లీ రాలేదు. వానాకాలం మొదలయ్యేసరికి మంచం పట్టింది.

మంచంలోంచి ఆమె అడిగింది ఒక్కటే, సంస్కారం. దీనవ్వ పాస్టర్‌గారికి కబురు పెట్టింది. వచ్చే వారం అన్నారు. తర్వాత మీటింగులన్నారు, తర్వాత జ్వరమన్నారు. దీనవ్వ ఇంట్లో సీసా నిండా ద్రాక్షారసం ఉంది, రొట్టె ఉంది. "నువ్వే ఇయ్యరాదా అవ్వా?" అన్నాను. "నా నెత్తి మీద ఎవలు చెయ్యి పెట్టిన్రు బిడ్డా? అభిషేకం లేనిదాన్ని, ఎట్ల ఇస్త?" అంది. జీవితమంతా చర్చి గీసిన గీత దాటని మనిషి. రోజూ పోయి ఎస్తేరు పెదవులు తడిగుడ్డతో తుడిచేది, వాక్యం చదివేది, రేపు అయ్యగారు వస్తారని చెప్పేది. ఒక తెల్లవారుజామున ఎస్తేరు పోయింది. పాస్టర్‌గారు భూస్థాపనకు వచ్చారు. సమాధి దగ్గర ఆయనే అందరికన్నా ఎక్కువ ఏడ్చారు.

కొన్నాళ్ల తర్వాత గడపలో కూర్చుని బియ్యం ఏరుతూ దీనవ్వ తనంతట తానే అంది. "ఆ దినం గిలాస పట్టుకున్నప్పుడు అందరు చూస్తున్నరు. ధైర్యం అండ్లకెళ్లే వచ్చింది. ఎస్తేరు ఇంట్ల ఇద్దరమే ఉంటిమి, ఎవలు చూడలే. అప్పుడు రాలే. పెదవులెండి అది దూపకున్నది, నేను చర్చి కాయిదా చూసుకుంట కూసున్న."

ఓదార్చబోయాను. చేయి అడ్డం పెట్టింది. నేను మెచ్చుకున్న ఆ గ్లాసు సంగతి ఆమె ఆ తర్వాత ఎన్నడూ ఎత్తలేదు. ఎస్తేరు అడిగినది ఇవ్వలేకపోయిన సంగతి మాత్రం చనిపోయేదాకా ఆమెను విడిచిపెట్టలేదు. చివరి ఏళ్లలో ప్లాస్టిక్ కప్పు పట్టుకుని అందరికన్నా ఆలస్యంగా తాగేది.

పోయినేడు మా బాపు కిడ్నీలు చెడి మంచాన పడ్డాడు. చర్చి ఇప్పుడు పెద్దదైంది, పాస్టర్‌గారు వేరొకరు. సంస్కారం కావాలన్నాడని ఫోన్ చేస్తే ఆదివారం వస్తామన్నారు. ఆదివారానికి ఇంకా మూడు రోజులున్నాయి. బాపు పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నేను మొయినాబాద్ పోయి ద్రాక్షపండ్లు తెచ్చి, గంజులో ఉడకేసి, తెల్లబట్టలో పిండాను. రొట్టె విరిచి, ఇంట్లో రోజూ మంచినీళ్లు తాగే గ్లాసులో రసం పోసి మంచం దగ్గరికి తీసుకుపోయాను.

"అయ్యగారు వచ్చిండా?"

"రాలే బాపూ. నేనే ఇస్తున్న."

"నువ్వు ఇయ్యొచ్చునా?"

"తెల్వది బాపూ."

రొట్టె తిన్నాడు. తల కింద చేయి పెట్టి లేపితే రెండు గుక్కలు తాగాడు. గ్లాసు తీసుకోబోతే వదల్లేదు. నా నోటి దగ్గరికి జరిపాడు.

"నువ్వు గూడ ఈ గిలాసలనే తాగు బిడ్డా."

తాగాను. ఆదివారం పాస్టర్‌గారు వచ్చి బాపును భూస్థాపన చేశారు. నేను ఇవ్వవచ్చునో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరైనా దూపకున్నారంటే మాత్రం, ఆదివారం దాకా ఆగమని చెప్పడం నాకు చేతకాదు.