మస్తాన్ గారు బిగించిన రిలే

నిన్న మధ్యాహ్నం బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు కారులోని రేడియో మైకు బటన్ నొక్కాను. డాష్‌బోర్డు కింద ‘టక్’మంది. మాట ముగించి వేలు తీశాక మళ్ళీ ‘టక్’మంది. పక్కన కూర్చున్న స్నేహితుడు, “ఏదో లూజైనట్టుందండీ, చూపించుకోండి” అన్నాడు. నిజానికి ఆ సెట్టు ఏ చప్పుడూ లేకుండా పనిచేసే రకం. ఆ చప్పుడును దానికి తగిలించింది మస్తాన్ గారు. ఎందుకు తగిలించారో చెప్పాలంటే నా నోటి దురుసు గురించి కూడా చెప్పుకోవాలి.

మస్తాన్ గారు కొండపల్లి థర్మల్ స్టేషన్‌లో మీటర్లు బాగుచేసి రిటైరైన మనిషి. హామ్ రేడియో ఆయనకు ప్రాణం. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంటే, సెల్ టవర్లతో పనిలేకుండా సొంత యాంటెన్నాతో దూరాన ఉన్నవాళ్ళతో మాట్లాడుకోవచ్చు. కార్లకు స్టీరియోలు, కెమెరాలు బిగించే నా షాపుకి ఆయన ఏదో క్లాంపు కోసం వచ్చి, ఆ పిచ్చి నాకు అంటించి వెళ్ళారు. ఏడాదిపాటు ఆదివారాలు కొండపల్లి వెళ్ళి ఆయన దగ్గర కూర్చున్నాను. మొదటిరోజు మైకు ఇస్తారనుకుంటే హెడ్‌ఫోన్ ఇచ్చి గంటసేపు కూర్చోబెట్టారు.

“ఏం వినపడింది ప్రసాదూ?”

“గురగుర తప్ప ఏం లేదు మాస్టారూ.”

“ఆ గురగుర వెనక ఏవుందో విను.”

నాకు ఒళ్ళు మండేది. మాట్లాడే యంత్రం కొనుక్కుని నోరు మూసుకు కూర్చోవడమేమిటని ఇంటికొచ్చి విసుక్కునేవాణ్ణి.

ఆయన సెట్టు ఇనపపెట్టె. ఇద్దరు పట్టుకుంటేగాని కదిలేది కాదు. ముందు చేత్తో తిప్పే పెద్ద డయలు, ఊగే ముల్లు. మైకు నొక్కితే లోపల రిలే అనే చిన్న మీట కొట్టుకుని టక్‌మనేది, వదిలితే మళ్ళీ టక్‌మనేది. నేను కొన్నది కారులో బిగించుకునే, తీగతో మైకు ఉన్న, అరచేతంత సరికొత్త సెట్టు. రంగుల తెర, వందల ఛానళ్ళు, ఆయన సెట్టుకి రెండింతల పవరు. గర్వంగా తీసుకెళ్ళి చూపిస్తే ఆయన మైకు బటన్ నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నారు.

“ఇదేంది బాబూ, చప్పుడే చెయ్యదు? నొక్కావో వదిలావో ఎట్టా తెలుస్తది?”

“తెర మీద ఎర్ర గుర్తు వస్తుంది కదండీ.”

“బండి తోలేవాడి కళ్ళు రోడ్డు మీదుండాలి గదా.”

పాతకాలం మనిషి అని లోపల నవ్వుకున్నాను. ఆ సెట్టులో ఇంకో సదుపాయం కూడా ఉంది. మూడు నిమిషాలకు మించి నొక్కి ఉంచితే దానంతట అదే ఆగిపోతుంది. నా మాటకు అడ్డొస్తోందని మొదటిరోజే దాన్ని తీసేశాను.

ఆ మరుసటి ఏడు బుడమేరు పొంగింది. కరెంటు పోయి సెల్ టవర్లు మూగబోయాయి. మస్తాన్ గారు సింగ్‌నగర్ ఫ్లైఓవర్ మీద లారీ బ్యాటరీకి తన పాత సెట్టు తగిలించుకుని, బోట్లకు దారి చెబుతూ కూర్చున్నారు. ఒక బోటులో జ్యోతి అనే నర్సు. కొత్తగా లైసెన్సు వచ్చిన అమ్మాయి. ఆమె చేతి సెట్టు తడిలో పొరపాటున మారకుండా ఒకే ఛానల్‌కి తాళం వేసి ఇచ్చారాయన. నేను తిండి పొట్లాలు చేరవేయడానికి మా బావమరిది శ్రీనుతో రామవరప్పాడు రింగ్ కూడలి దగ్గర కారులో ఉన్నాను. అందరిదీ ఒకే ఛానల్. ఒకరు బటన్ నొక్కి ఉంచినంతసేపు మిగతావాళ్ళ గొంతు వినపడదు. నొక్కినవాడికైతే అసలేమీ వినపడదు.

పదకొండు గంటలప్పుడు జ్యోతి గొంతు వచ్చింది. “మస్తాన్ గారూ, నొప్పులొస్తున్న అమ్మాయిని ఎక్కించాం. రక్తం బాగా పోతందండీ. ఫ్లైఓవర్ వైపు రమ్మంటారా, నున్న వైపు పోమంటారా?”

“ఉండమ్మా, అంబులెన్సు ఎటుందో కనుక్కుని చెప్తా.”

నేనూ “విన్నాను” అని చెప్పి మైకు వెనక సీటు మీద పడేశాను. శ్రీను పులిహోర పొట్లాల బస్తా తెచ్చి సరిగ్గా దానిమీద దించాడు.

ఆపైన రేడియోలో ఉలుకూ పలుకూ లేదు. ఐదు నిమిషాలైంది, పది నిమిషాలైంది. జ్యోతి లేదు, మస్తాన్ గారు లేరు. భయం వేస్తే నాకు ముందు కోపం వస్తుంది.

“ఆ ఇనప సామాను చచ్చిపోయుంటది. ముసలాయనకి చెప్తే వినడు. పేరు కోసం ఆ కుర్చీ వదలడు. నాకప్పగిస్తే ఈపాటికి ఆ పిల్లని ఒడ్డుకి చేర్చేవాణ్ణి. ఏమన్నా అయితే ఆ పాపం ఆయనదే” అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి రాయలేను. శ్రీను ఊరుకో బావా అంటూనే ఉన్నాడు.

ఇరవై నిమిషాలకు ఒక స్కూటర్ వచ్చి కారుకి అడ్డంగా ఆగింది. మస్తాన్ గారు. మోకాళ్ళదాకా బురద, ఆయాసం. నావైపు చూడకుండా వెనక డోరు తీసి, బస్తాని రెండు చేతులతో పక్కకి లాగారు. వెంటనే స్పీకరు పలికింది.

“...ఎవరన్నా ఉన్నారా? మస్తాన్ గారూ, ఎటు రమ్మంటారు? ఎవరన్నా మాట్లాడండి...” జ్యోతి గొంతు బొంగురుపోయి ఉంది.

ఆయన నా మైకే అందుకున్నారు. “ఉన్నామమ్మా. ఫ్లైఓవర్‌కే రా. అంబులెన్సు కింద రడీగా ఉంది.”

నాకు అప్పటికి అర్థమైంది. ఇరవై నిమిషాలుగా బస్తా నా మైకు బటన్‌ని నొక్కే ఉంది. నేను గొప్పలు చెప్పుకున్న పవరే అందరి గొంతూ తొక్కేసింది. జవాబు రాక జ్యోతి బోటుని ఒక మేడ రెయిలింగ్‌కి కట్టించి, అరచేతులతో రక్తం ఆపుతూ కూర్చుంది. నేనన్న ప్రతి మాటా ఫ్లైఓవర్ మీద పదిమందీ విన్నారు. మస్తాన్ గారూ విన్నారు.

ఆ అమ్మాయీ బిడ్డా బతికారు. ఇంకో పావుగంటైతే తల్లి దక్కేది కాదని డాక్టరమ్మ అన్నదట. నేను ఆస్పత్రి గేటుదాకా వెళ్ళి లోపలికి పోలేక తిరిగొచ్చాను.

ఆ ఆదివారం కొండపల్లి వెళ్ళాను. ఆయన ఏదో సోల్డరింగ్ చేసుకుంటున్నారు. గుమ్మంలోనే నిలబడి, “మాస్టారూ, ఆరోజు నేనన్న మాటలు...” అన్నాను.

“ఏవన్నావో నాకు తెలవదు బాబూ.”

“అందరూ విన్నారట కదండీ.”

“నీ మాటలు వింటా కూర్చుంటే నీ వెనకాల రోడ్డు మీది మైకు ఎట్టా వినపడుద్ది? గన్నవరం పొయ్యే బళ్ళు ఎడమకి రావాలని పోలీసాయన అరుస్తన్నాడు. అది రింగ్ అని పోల్చుకుని బయల్దేరా. అంతే నేను విన్నది.” చెయ్యి చాపి, “సెట్టు తెచ్చావా? ఇటివ్వు” అన్నారు.

నా సెట్టులో నేను తీసేసిన మూడు నిమిషాల ఏర్పాటుని ముందు నాచేతే మళ్ళీ పెట్టించారు. “కొత్తదాంట్లో ఉన్న మంచిని నువ్వు తీసేశావు. పాతదాంట్లో ఉన్న మంచిని నేను పెడతా” అని, ఊడదీసిన పాత సెట్టులోంచి ఒక రిలే తీసి నా మైకు తీగకి కలిపారు. నొక్కి చూశాను, టక్‌మంది. వదిలాను, మళ్ళీ టక్‌మంది. ఆ రెండో చప్పుడు వినగానే ఆయన ముందే ఏడ్చేశాను. ఆయన సోల్డరింగ్ ఇనుము పక్కన పెట్టి టీ పెట్టమని లోపలికి కేకేశారు.

మస్తాన్ గారు పోయి రెండేళ్ళయింది. రేడియో ఆయన నేర్పిందే. వినడం మాత్రం నేను ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను. మొన్న ఒకాయన షాపుకి ఫోన్ చేసి, కారు కెమెరా సరిగా బిగించలేదని నోటికొచ్చినట్టు తిట్టాడు. తప్పు మాది కాదు. తిరగబడి అనడానికి మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు ఆయన గొంతు వెనక ఎవరో పేషెంటు పేరు పెట్టి రెండుసార్లు పిలవడం వినపడింది.

“ఆస్పత్రిలో ఉన్నారా అండీ?” అన్నాను.

ఆయన చాలా మెల్లగా, “మా అమ్మండీ” అన్నాడు.